ప్రాగ్ నగరంలో ఒంటరి బాటసారి

ప్రాగ్ నగరానికి నూరు గోపురాల నగరమని పేరు. ఎవరు లెక్క చూసి పెట్టారో గాని, వల్తావా నది మీది రాతి వంతెనపై నిలబడి నాలుగు దిక్కులా కలయజూస్తే నూరు చాలవేమో ననిపిస్తుంది. చెక్ దేశస్థులు మాత్రం తమ రాజధానిని ప్రాగ్ అనరు, "ప్రహ" అంటారు. రైలు స్టేషనులో బోర్డు మీద ఉండేదీ ఆ పేరే. ఒంటరిగా వెళ్ళేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి అది. లేకపోతే, దిగవలసిన ఊరు కిటికీలోంచి కనబడుతున్నా రైలులోనే కూర్చుండిపోగలరు!

ఆ నగర సౌందర్యాన్ని వర్ణించినవారు చాలామంది ఉన్నారు. నాలుగవ చార్లెస్ ప్రభువు 1348లో స్థాపించిన విశ్వవిద్యాలయమూ, 1357లో ఆయనే పునాదిరాయి వేసిన వంతెనా, కొండమీది కోటా - వీటి ఫోటోలు మీరు చూసే ఉంటారు. నేను చెప్పదలచింది వేరు. నలభై దాటిన ఆడమనిషి, ఆ ఊరి భాష ఒక్క ముక్క రానిది, వెంట ఎవరూ లేకుండా ఏడు రోజులు అక్కడ ఎలా మసలవచ్చునన్నది. 2025 మే నెలలో, వేసవి సెలవులకు నేను వెళ్ళివచ్చిన దగ్గరనుంచీ మా కాలేజీ ఆడపిల్లలూ, వారికంటె ఎక్కువగా వారి తల్లులూ నన్నడుగుతున్న ప్రశ్న అదొక్కటే. "ఒక్కరూ ఎలా వెళ్ళారండీ? భయం వెయ్యలేదూ?"

భయం వల్ల అక్కడ ఒరిగేదేమీ లేదు. ధైర్యంతో కూడా అట్టే పని పడదు. కావలసిందల్లా మొహమాటం లేకపోవడం. ఈ మాట విని చాలామంది నవ్వుతారు. కాని ఏడు రోజులూ కళ్ళారా చూసి చెబుతున్నాను: ఐరోపా రాజధానులలో ప్రాగ్ నెమ్మదైన ఊళ్ళ లెక్కలోకే వస్తుంది. పగటిపూట వీధిలో మనిషి ఒంటిమీద చెయ్యిపడటమనేది అరుదు. ప్రమాదమంతా చేతిసంచికే. ఆ సంచిని కాజేయాలని చూసేవారికి కత్తులూ కఠారులూ అక్కరలేదు. "కాదనడానికి మనసొప్పడం లేదు", "అడిగితే ఏమనుకుంటారో", "ఇంతమందిలో లెక్కపెట్టుకుంటే బాగుండదు" - మన మనసులో ఉండే ఈ మూడు మాటలే వారికి పెట్టుబడి.

విమానాశ్రయం నుంచే మొదలుపెడతాను. అక్కడ సామానుతో బయటికి రాగానే "టాక్సీ, టాక్సీ" అంటూ ఎవరైనా ఎదురువస్తే వారితో వెళ్ళవలసిన అవసరం లేదు. తలుపు ముందరే 59వ నంబరు ట్రాలీబస్సు ఆగుతుంది. అది వెలెస్లవీన్ అనే మెట్రో స్టేషనులో దింపుతుంది. అక్కడనుంచి ఆకుపచ్చ గీత గల భూగర్భ రైలు నడిబొడ్డుకు తీసుకుపోతుంది. టిక్కెట్లు ఊళ్ళకు కాదు, కాలానికి. 30 నిమిషాలకొకటి, 90 నిమిషాలకొకటి, ఒక రోజుకు, మూడు రోజులకు. మెట్రోలో అడ్డుగేట్లు లేవు. టిక్కెట్టు చూసేవారు కనబడరు. ఉచితమేమో ననుకునేరు! కాగితపు టిక్కెట్టు కొనగానే సరిపోదు, పసుపుపచ్చని చిన్న యంత్రంలో దాన్ని దూర్చి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టిక్కెట్టు లేనట్టే లెక్క.

తనిఖీదారులు మామూలు దుస్తులలో వస్తారు. వచ్చినవాడు నిజమైన తనిఖీదారో కాదో మనకెలా తెలుస్తుంది? అతని దగ్గర బిళ్ళ ఉంటుంది. చూపమని అడగాలి. అడగడం అమర్యాద కాదు, అది ప్రయాణికుల హక్కు. పోలీసులమంటూ వచ్చి, "మీ డబ్బు దొంగనోట్లేమో, పర్సు చూపండి" అనే మోసగాళ్ళు కూడా ఆ ఊళ్ళో పాత సరుకే. నిజమైన పోలీసు వీధిలో ఆపి మన నోట్లు లెక్కపెట్టడు. అటువంటివాడు తగిలితే పర్సు తీయకుండా, "ఠాణాకు పోదాం పదండి" అనడమే మందు. చెక్ పోలీసుల ఫోను నంబరు 158. ఐరోపా అంతటా పనిచేసే నంబరు 112. ఈ రెండూ నోటికి రావాలి.

ఇక భాష. ఇక్కడొక తమాషా ఉంది. వీధిలో ఎవరైనా వెంటబడి ఏదో అంటగట్టబోతే మనం అలవాటుగా "నో, నో" అంటాం. చెక్ వాళ్ళ మాటల్లో "నో" అంటే "ఆఁ, అవునవును" అన్న ధ్వని! "కాదు, వద్దు" అనడానికి వారి మాట "నే". మన పద్యాలలో "నే" అంటే నేను. వారికి "నే" అంటే వద్దు. ఈ ఒక్క అక్షరం నేర్చుకుంటే సగం రక్షణ దొరికినట్లే. కాని అనవలసిన తీరుంది. చిరునవ్వుతో, తల కాస్త పక్కకు వాల్చి, క్షమాపణ చెబుతున్నట్టు అంటే పని జరగదు. ఎదుటివాడి మొహం చూడకుండా, నడక ఆపకుండా, ఒక్కసారి గట్టిగా అనాలి. చేతికి తాడు కడతామనేవారు, చందాల కాగితం మీద సంతకం పెట్టమనేవారు, ఫోటో తీసిపెడతామనేవారు - అందరికీ ఒకటే జవాబు.

పాతబస్తీ చౌకులో 1410 నాటి గడియారం ఒకటి ఉంది. ప్రపంచంలో నడుస్తున్న పాత గడియారాలలో అది పేరుపడ్డది. పగలు గంటగంటకూ దాని కిటికీలు తెరుచుకుని పన్నెండుమంది క్రీస్తు శిష్యుల బొమ్మలు ఊరేగుతాయి. అస్థిపంజరం గంట కొడుతుంది. కింద వందలమంది మెడలు పైకెత్తి, నోళ్ళు తెరచి చూస్తూంటారు. జేబుదొంగలకు అంతకంటె మంచి ముహూర్తం ఉంటుందా? అందరూ పైకి చూస్తూంటే వారు కిందికి చూస్తారు. ఆ గడియారం మీదే లోభి బొమ్మ ఒకటుంది, చేతిలో డబ్బుసంచి పట్టుకుని. ఆ చౌకు మొత్తంలో తన సంచిని భద్రంగా పట్టుకున్నవాడు ఆ లోభి ఒక్కడే కాబోలు ననుకున్నాను! గంట కొట్టే వేళ సంచి భుజాన వెనక్కి కాక, పొట్టమీదికి రావాలి. కోటకు వెళ్ళే 22వ నంబరు ట్రాములోనూ ఇదే పద్ధతి. వంతెన మీద నెపోముక్ జాన్ అనే సాధువు విగ్రహం కింద ఇత్తడి పలకను తాకితే అదృష్టమట; తాకి తాకి అది మిలమిల మెరిసిపోతూంటుంది. ఒక చేత్తో తాకండి, రెండో చెయ్యి సంచిమీద ఉండనీయండి.

నడకలోనూ జాగ్రత్తలున్నాయి. వాహనాలు కుడిపక్కన నడుస్తాయి గనుక మనం ముందుగా ఎడమకు చూడాలి. ఇది మన ఒంటికి పట్టిన అలవాటుకు వ్యతిరేకం. చారల దాటువద్ద మోటారు కార్లు మర్యాదగా ఆగుతాయి. అది చూసి ట్రాములూ ఆగుతాయనుకుంటే ప్రాణానికే ముప్పు. ఆ దేశపు చట్టం ప్రకారం చారల మీద కూడా ట్రాముదే ముందు హక్కు, నడిచేవారే ఆగాలి. గంట వినబడితే అడుగు వెనక్కు వేయవలసిందే. వీధులన్నీ రాళ్ళు పరిచినవి. ఆ గుండ్రాళ్ళను వాళ్ళు "పిల్లి తలకాయలు" అంటారు. వానపడితే నిజంగానే కాలికింద జారిపోతాయి. మడమ ఎత్తు చెప్పులు పెట్టెలోనే ఉంచుకోవాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. చెక్ దేశం 2004లో ఐరోపా సమాఖ్యలో చేరినా యూరో నాణెం తీసుకోలేదు. అక్కడ చెల్లేది కొరునా. అందువల్ల పాతబస్తీలో అడుగడుగునా డబ్బు మార్చే దుకాణాలే. మూడవ రోజు మధ్యాహ్నం నేను గడియారం పక్క సందులో ఒక అరుగు మీద కూర్చున్నాను. రెండు బారల అవతల ఒక కుర్రవాడు ఫోనులో మాట్లాడుతున్నాడు. "బాగానే ఉన్నానమ్మా. తిన్నాను. డబ్బులున్నాయిలే, నువ్వేం పంపకు" అంటున్నాడు, అచ్చమైన మన తెలుగులో. గొంతు బాగానే ఉంది గాని, ఫోను పెట్టేశాక మోచేతులు మోకాళ్ళమీద ఆనించి తల వంచుకున్నాడు.

"ఏ ఊరు బాబూ మనది?" అన్నాను.

ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "నెల్లూరు పక్కనండి, మేడమ్." జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో చదువుకుంటున్నాడట. సెలవు దొరికి రైల్లో రెండు రోజులకని వచ్చాడు. చేతిలో కాగితం నలుగుతోంది.

"ఏమిటది?"

కాసేపు నసిగి చెప్పాడు. 200 యూరోలు మార్చాడు. ఆ రోజుల్లో యూరోకు ఇంచుమించు 25 కొరునాలు రావాలి. అంటే 5,000 దాకా. దుకాణం వాడు 16 చొప్పున కట్టి 3,200 చేతిలో పెట్టాడు. అద్దం మీద "కమీషన్ లేదు" అని బారెడు అక్షరాలు. ఇచ్చే రేటు మాత్రం ఒక మూల చీమతలకాయలంత.

"రసీదు అదేనా? ఎంతసేపయింది?"

"ముప్పావుగంట. పోనీలెండి మేడమ్, సంతకం పెట్టింది నేనే కదా."

ప్రయాణానికి ముందు ఆ దేశపు డబ్బు వ్యవహారం గురించి చదివి ఉండటం అప్పుడు అక్కరకొచ్చింది. ఇటువంటి మోసాలు పెచ్చుపెరిగిపోయి, 2019 ఏప్రిల్ నుంచి చెక్ ప్రభుత్వం ఒక చట్టం అమలులోకి తెచ్చింది. 1,000 యూరోల లోపు డబ్బు మార్చుకున్నవారు మూడు గంటలలోగా రసీదు తీసుకువెళ్ళి బేరం రద్దు చేసుకోవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. మొదటి రేటుకే డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలి. ఈ దుకాణాలమీద చెక్ జాతీయ బ్యాంకు అజమాయిషీ ఉంది.

"రెండుంబావు గంటల గడువుంది నాయనా. పద" అన్నాను.

"వద్దులెండి మేడమ్. గొడవవుతుంది."

"గొడవ మనం చెయ్యం. నిలబడతాం, అంతే."

వెళ్ళాం. అద్దం వెనక కూర్చున్న మనిషికి ముప్పావుగంట కిందట ఇంగ్లీషు బాగానే వచ్చునట. మమ్మల్ని చూసేసరికి మరిచిపోయాడు. రసీదు అద్దానికి ఆనించి పెట్టి, "మూడు గంటలు. చట్టం" అన్నాను. యజమాని లేడన్నాడు. ఉండనక్కరలేదన్నాను. సాయంత్రం రమ్మన్నాడు. ఇక్కడే ఉంటామన్నాను. వెనక మరో నలుగురు వచ్చి నిలబడ్డారు. మా సంభాషణ విని వారిలో ఇద్దరు అటునుంచటే వెళ్ళిపోయారు. "రద్దు చెయ్యనంటే కాగితం మీద రాసివ్వండి, జాతీయ బ్యాంకుకు పంపుకుంటాం" అన్నాను. అంతే, గొణుక్కుంటూ సొరుగు లాగాడు. 3,200 కొరునాలు లెక్కపెట్టుకుని, ఒక కాగితం మీద సంతకం తీసుకుని, 200 యూరోలు అద్దం కిందినుంచి తోశాడు.

"అక్కడే లెక్కపెట్టుకో" అన్నాను. లెక్కపెట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి.

బయటికి వచ్చాక అన్నాడు: "మా నాన్న కౌలుకు చేస్తాడు మేడమ్. ఇది నాకు నెల గ్రాసం." మరి కొంచెం దూరం నడిచాక, "నేనొక్కణ్ణే అయితే వెళ్ళేవాణ్ణి కాదు. ఏమనుకుంటాడో అనిపించింది" అన్నాడు.

"ఎవరు?"

"ఆ లోపల కూర్చున్నాయన."

ఆ మాట నాకింకా మరపు రాలేదు. మనల్ని మోసగించినవాడు మనల్ని గురించి ఏమనుకుంటాడో నని మనకు బెంగ! ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టను. మనం పిల్లల్ని పెంచే తీరే అది. పెద్దలకు ఎదురు చెప్పకు, నలుగురిలో గొంతెత్తకు, పోయిందేదో పోయిందనుకో - ఇవి మన ఇళ్ళలో గుణాలు. పరదేశంలో చట్టం మన పక్షాన ఉన్నా, ఈ గుణాల వల్ల దాన్ని ఉపయోగించుకోలేం. గడువు మూడు గంటలు. మొహమాటం తీరడానికి మనకు మూడు రోజులు పడుతుంది.

కొరునాలు కావాలంటే సవ్యమైన దారి బ్యాంకుకు చెందిన యంత్రంలోంచి తీసుకోవడం. ఆ యంత్రం, "మీ దేశపు డబ్బులో లెక్క కట్టమంటారా?" అని ఎంతో ఆప్యాయంగా అడుగుతుంది. వద్దనాలి. కొరునాలలోనే కట్టనివ్వాలి. వీధిలో నిలబడి ఎక్కువ రేటు ఇస్తామనేవారి మొహం చూడకూడదు. వారిచ్చేవి చెలామణీ పోయిన వేరే దేశాల నోట్లు కావచ్చు. తినుబండారాల బళ్ళ దగ్గర కొన్నిటికి పలకమీద వేసే ధర 100 గ్రాములకు. కోసి పెట్టేది అంతకు మూడింతలు ఉండవచ్చు. ముందే తూచమనాలి.

రాత్రి సంగతి చెప్పలేదని తల్లులు తొందరపడుతుంటారు. నా బస వినోహ్రాదీ అనే పేటలో. ఆ మాటకు ద్రాక్షతోటలని అర్థం; ఇప్పుడు తోటలు అట్టే లేవు, ఎత్తైన ఇళ్ళున్నాయి. ఇళ్ళకు రెండేసి నంబరు పలకలుంటాయి, ఎర్రది ఒకటి, నీలిది ఒకటి. వీధిలో వరుస చెప్పేది నీలిది. ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన మనిషి. నేను వచ్చిన సాయంత్రమే చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకువెళ్ళి దీపస్తంభం దగ్గర నిలబెట్టింది. ఎందుకో అర్థం కాలేదు. స్తంభం మీద ఒక పలక చూపించింది. ఆరంకెల సంఖ్య. "నువ్వు ఎక్కడున్నావో నీకు తెలియదనుకో. ఇది చెప్పు, వాళ్ళకు తెలుస్తుంది" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. ప్రాగ్‌లో వీధి దీపాలన్నిటికీ అటువంటి సంఖ్య ఉంది. వీధి పేరు పలకడం రాకపోయినా 112కు ఫోను చేసి ఆ ఆరంకెలు చదివితే చాలు, ఎక్కడికి రావాలో తెలుసుకుంటారు. భాష రానివారికి ఇంతకంటె గొప్ప ఉపకారం ఏ ఊరు చేస్తుంది? ఆ ఏడు రోజులూ నేను గోపురాలకంటె దీపస్తంభాలనే ఎక్కువగా చూశానంటే అతిశయోక్తి కాదు.

మెట్రో మామూలు రోజులలో అర్ధరాత్రి వేళకు ఆగిపోతుంది. తరువాత 91 నుంచి 99 దాకా నంబర్లున్న రాత్రి ట్రాములు తిరుగుతాయి. అవన్నీ లజర్స్కా అనే చోట కలుసుకుంటాయి. దారి తోచకపోతే ఏ రాత్రి ట్రాము ఎక్కినా ఆ కూడలికి చేరి, అక్కడ మన ఇంటివైపు ట్రాము పట్టుకోవచ్చు. ట్రాములో డ్రైవరుకు దగ్గరగా కూర్చోవడం మేలు. పెద్ద రైలు స్టేషను ముందరి తోటకు ఊరివారు ఎగతాళిగా "షెర్‌వుడ్" అని పేరు పెట్టుకున్నారు - రాబిన్ హుడ్ దాగిన అడవి పేరు! చీకటి పడ్డాక అందులోంచి అడ్డదారి వద్దు. వెన్సెస్లాస్ చౌకు అనేది పేరుకు చౌకే గాని 750 మీటర్ల పొడవున్న విశాలమైన వీధి. 1989లో నియంతృత్వాన్ని నెత్తురు చిందకుండా సాగనంపిన జనం చేరింది అక్కడే. పగలు ఆ వీధి చరిత్ర చదువుకోవడానికి, రాత్రి పొద్దుపోయాక క్లబ్బుల దళారులను తప్పుకుని పోవడానికి.

మనిషికి ఇంతని లెక్క చూస్తే ప్రపంచంలో బీరు ఎక్కువగా తాగేది చెక్ దేశస్థులే. ఊరివారు తాగి గొడవ చేసింది నేను చూడలేదు. శని, ఆదివారాలకు వేరే దేశాలనుంచి గుంపులుగా వచ్చేవారిదే గొడవంతా. వీరి ఆగడం భరించలేక 2024లో నగరపాలకులు రాత్రి పది దాటాక గుంపులను పానశాలలవెంట తిప్పే వ్యాపారాన్ని నిషేధించారు. అటువంటి గుంపు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోవడంలో నామోషీ లేదు. మనం తాగేది నిమ్మరసమైనా సరే, గ్లాసు బల్లమీద వదిలి లేవకూడదు. లేస్తే తిరిగి వచ్చి మరొకటి తెప్పించుకోవాలి.

బయలుదేరే ముందు ఇంట్లో చేయవలసినవి కొద్దే. పాస్‌పోర్టుకు రెండు నకళ్ళు: ఒకటి పెట్టెలో, ఒకటి ఇంట్లోవారి దగ్గర. భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు కాగితం మీద, ఎందుకంటే ఫోనే పోతే అందులోని నంబర్లూ పోతాయి. వీసా కోసం చేయించే 30,000 యూరోల భీమా కాగితం మడతపెట్టి దాచేది కాదు; దాని మీది నంబరు చేతికందేలా ఉండాలి. డబ్బు, కార్డులు రెండు చోట్ల. రోజూ ఒకే వేళకు ఇంటికి ఫోను.

మొన్న మా కాలేజీలో చదివిన అమ్మాయి ఒకతె తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పై చదువుకు ప్రాగ్‌లోనే సీటు దొరికింది. తల్లి కాగితమూ కలమూ తెచ్చుకుని, "ఏమేం సర్దమంటారండీ?" అంది. సర్దేవి తరువాత చెబుతానని, పిల్లను హాలు మధ్య నిలబెట్టి, "నన్ను దారికి అడ్డం వచ్చినవాణ్ణనుకో. 'నే' అను" అన్నాను. సిగ్గుపడి గొణిగింది. మళ్ళీ అనిపించాను. కాస్త నయం. నాలుగోసారి పిల్ల తల ఎత్తి, గొంతు సవరించుకుని, ఒక్క కేక వేసింది. వంటింట్లోంచి మా అత్తగారు గరిటె చేత్తో పట్టుకుని పరుగున వచ్చారు.

"ఎవరినే అలా కసురుతున్నారు?"

"ఇక వెళ్ళిరావచ్చునమ్మా" అని ఆ పిల్లతో అన్నాను.